టోక్యోలో మూడింటికి మెలకువ

డాలస్‌లో శనివారం ఉదయం పదకొండింటికి విమానం ఎక్కాం. పదమూడున్నర గంటలు ప్రయాణం చేసి టోక్యో దగ్గరి నరితాలో దిగేసరికి అక్కడ ఆదివారం మధ్యాహ్నం రెండున్నర. మధ్యలో చీకటి పడలేదు. కిటికీ మూత ఎప్పుడు పైకెత్తి చూసినా ఎండే. శనివారం రాత్రి అనేది మాకు రానే లేదు.

అమెరికాలో ఉండే తెలుగువాళ్లు ఇంటికి రావాలంటే ఎక్కువమంది గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో వస్తారు. పసిఫిక్ మీదుగా వచ్చి, దారిలో టోక్యోలో నాలుగు రోజులు ఆగి హైదరాబాద్ వెళ్దామని ఈసారి మేం అనుకున్నాం. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు జపాన్ వీసా ముందే ఉండాలి కాబట్టి అది చూసుకున్నాం, అక్టోబర్ మొదటివారానికి టికెట్లు తీసుకున్నాం. ఇలాంటి ప్రయాణానికి తయారయ్యేవాళ్లు ఏం చూడాలి, ఏం తినాలి అని చాలా చదువుతారు. దిగాక మొదటి మూడు రోజులు ఒళ్లు ఏ వేళకు ఎలా ఉంటుందన్నది మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆ లెక్క తెలిస్తే ప్రయాణం రూపమే మారిపోతుంది. అందుకే దాన్ని కాస్త ఓపిగ్గా చెప్పాలని ఉంది.

ముందు ఆ రాని రాత్రి సంగతి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి సూర్యుడు మనకు తూర్పు నుంచి పడమరకు పోతున్నట్టు కనిపిస్తాడు. మా విమానం కూడా పడమరకే, అంటే సూర్యుడు పోయే వైపుకే పోతోంది. ఉత్తరంగా వెళ్లేకొద్దీ భూమి చుట్టుకొలత తగ్గుతుంది కాబట్టి అక్కడ విమానం దాదాపుగా సూర్యుడితో కలిసి నడుస్తుంది. మేం పదమూడున్నర గంటలు ఎగిరినా, కిటికీ బయట పొద్దు ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండున్నర దాకా మాత్రమే జరిగింది. గడియారం పది గంటలు వెనక్కి వెళ్లింది. పసిఫిక్ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటాం కాబట్టి తేదీ ఒకటి ముందుకు దూకింది. ఈ రెండూ కలిపితేనే అక్టోబర్‌లో టోక్యో డాలస్ కన్నా పద్నాలుగు గంటలు ముందుంటుందనే లెక్క వస్తుంది.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస డాలస్ మీద, ఇంకో కొస టోక్యో మీద పెట్టి బిగించి చూడండి. గోడకున్న పటంలో సముద్రం మీదుగా తిన్నగా కనిపించే దారి, గ్లోబు మీద కెనడా పడమటి భాగానికీ అలాస్కాకూ ఎగబాకుతుంది. అదే దగ్గరి దారి. ముందు సీటు వెనకున్న తెరమీద విమానం అలాస్కా పైకి పోతుంటే మా వారు దారి తప్పిందేమోనన్నట్టు చూశారు. ఆ ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గట్టిగాలి వీస్తుంటుంది. జపాన్ వెళ్లేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. అందుకే తిరుగు ప్రయాణం తక్కువ సమయంలో అయిపోతుంది.

ఇక లోపలి గాలి. విమానం 35,000 నుంచి 40,000 అడుగుల ఎత్తులో పోతుంది. బయట చలి సున్నాకు యాభై డిగ్రీల దిగువన ఉంటుంది, గాలి పీల్చడానికి చాలనంత పలచన. లోపల గాలిని ఒత్తిడి పెంచి ఉంచుతారు కానీ నేలమీద ఉన్నంత ఒత్తిడి ఉంచరు. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉండేంతే ఉంటుంది. ఊటీ ఎత్తు సుమారు 7,300 అడుగులు. అంటే పదమూడు గంటలు ఊటీలో ఒక కుర్చీలో కదలకుండా కూర్చున్నట్టు లెక్క. ఊటీలో ఉండే తేమ మాత్రం ఇక్కడ ఉండదు. విమానంలో తేమ సాధారణంగా పది ఇరవై శాతం మధ్యే. మే నెల మధ్యాహ్నం వడగాలిలో ఉండేంత పొడి అది, వేడి తగలదు కాబట్టి మనకు తెలియదు. పెదవులు పగలడం, కళ్లు మండటం, ముక్కు ఎండిపోవడం అందుకే. దాహం వేయకపోయినా నీళ్లు తాగుతూ ఉండాలి.

ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. ఎనిమిది వేల అడుగుల ఒత్తిడిలో కడుపులో ఉన్న గాలి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అందుకే కడుపు ఉబ్బరం, అందుకే ఎక్కేముందు బఠాణీలూ సోడాలూ వద్దంటారు. దిగేటప్పుడు చెవులు దిబ్బడ వేయడం కూడా ఇదే కారణంగా. చెవి లోపలి నుంచి గొంతుకు ఒక సన్నని గొట్టం ఉంది. మింగినప్పుడూ ఆవలించినప్పుడూ అది తెరుచుకుని రెండు వైపులా ఒత్తిడి సరిచేస్తుంది. పసిపిల్లలకు మింగమని చెప్పలేం కాబట్టి దిగే అరగంటలో పాలసీసా నోటికివ్వాలి. జలుబుతో ఎక్కితే ఆ గొట్టం వాచి ఉంటుంది, నొప్పి ఎక్కువవుతుంది.

కాళ్ల సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్ల లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది సుమారు 6,000 మందిలో ఒకరికి. భయపడాల్సిన సంఖ్య కాదు. కానీ ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లకూ, గర్భిణులకూ, ఇంతకుముందు గడ్డ కట్టినవాళ్లకూ ముప్పు దీనికన్నా ఎక్కువ. వాళ్లు డాక్టర్ని అడక్కుండా బయల్దేరకూడదు. రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. పిక్కల్లోని కండరం బిగిసి వదిలినప్పుడల్లా రక్తాన్ని పైకి నెడుతుంది. గంటకోసారి లేచి నడవడం, కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించడం చాలు.

అన్నిటికన్నా పెద్ద సంగతి నిద్ర. మెదడు అడుగున, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, బియ్యపుగింజంత కూడా లేని కణాల గుంపు ఒకటుంది. అందులో ఉండేవి సుమారు 20,000 కణాలు. మన ఒంటి గడియారం అదే. నిద్ర, ఆకలి, ఒంటి వేడి, హార్మోన్లు అన్నీ దాని మాట వింటాయి. దాని రోజు సరిగ్గా ఇరవైనాలుగు గంటలు కాదు, మనుషుల్లో సగటున ఓ పది నిమిషాలు ఎక్కువ. కంటి గుండా వచ్చే వెలుతురు దాన్ని రోజూ సరిచేస్తుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో కనిపెట్టిన జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ ఇచ్చారు. దాని రోజు కాస్త పొడుగు కాబట్టి ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. పడమర ప్రయాణం కన్నా తూర్పు ప్రయాణం ఎక్కువ బాధించేది అందుకే. పడమరకు వెళ్లినప్పుడు అది రోజుకు గంటన్నర దాకా జరుగుతుంది, తూర్పుకైతే గంటే.

వెలుతురు ఎప్పుడు పడిందన్నదే ముఖ్యం. మనం మామూలుగా నిద్ర లేచే వేళకు రెండు మూడు గంటల ముందు ఒళ్లు బాగా చల్లబడుతుంది. ఆ వేళను ఒక గీత అనుకోండి. గీతకు ముందు గంటల్లో కంట్లో వెలుతురు పడితే గడియారం వెనక్కి జరుగుతుంది, గీత దాటాక పడితే ముందుకు జరుగుతుంది. ఒకే ఎండ, గంట తేడాలో రెండు వైపులకు లాగుతుంది. డాలస్‌లో మేం ఆరున్నరకు లేస్తాం కాబట్టి మా గీత తెల్లవారుజామున నాలుగు. ఆ నాలుగు టోక్యోలో సాయంత్రం ఆరు. అంటే మాకు కావలసింది మధ్యాహ్నపు ఎండ. పొద్దున పూట ఎంత తిరిగినా ఒంటి గడియారానికి పెద్దగా తేడా ఉండదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం దాకా, సరిగ్గా మంచం రమ్మని పిలిచే వేళలోనే, బయట వెలుతురులో ఉండాలి.

హైదరాబాద్ నుంచి టోక్యో వెళ్లేవాళ్లకు లెక్క వేరు. వాళ్లు వెళ్లేది తూర్పుకు, తేడా మూడున్నర గంటలే. నాలుగింటి గీత టోక్యోలో ఏడున్నర అవుతుంది. జూన్‌లో టోక్యోలో నాలుగున్నరకే తెల్లారుతుంది. ఆ ఎండ వాళ్లను తప్పు వైపుకు లాగుతుంది. ఏడున్నర దాకా కిటికీ తెరలు మూసి ఉంచి, ఎనిమిదింటికి బయటికి వెళ్లడం మేలు.

కొన్నేళ్ల కిందట ఆఫీసు పని మీద ఇదే దారిలో వచ్చినప్పుడు నాకు ఇవేవీ తెలియవు. హోటల్‌కు చేరగానే నాలుగింటికి ఒక గంట పడుకుందామనుకున్నాను. లేచేసరికి రాత్రి పదకొండు. తెల్లారేదాకా కళ్లు మూతపడలేదు, మర్నాడు మధ్యాహ్నం సమావేశంలో ఎవరేం మాట్లాడారో గుర్తు లేదు. మూడు రోజులూ అలాగే పోయాయి. అందుకే ఈసారి విమానంలోనే, ఎక్కిన మూడు గంటలకు, భోజనం అయ్యాక రెండు గంటలు కునుకు తీశాం. దిగాక రాత్రి ఎనిమిదిన్నర దాకా పడుకోకూడదని ఇద్దరం అనుకున్నాం.

నరితా టోక్యోకు సుమారు అరవై కిలోమీటర్ల దూరం. అక్కడ విమానాశ్రయానికి తీసుకున్న భూముల కోసం రైతులు ఏళ్ల తరబడి పోరాడారు, అది 1978లో తెరుచుకుంది. ఈనాటికీ దాని ఆవరణ మధ్యలో సాగవుతున్న పొలాలున్నాయి. రాజధాని పేరుతోనో ప్రాజెక్టు పేరుతోనో భూమి ఇచ్చిన ఊళ్లు ఎరిగిన మనకు ఆ పొలాలు పరాయివిగా అనిపించవు. లోపల వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. కస్టమ్స్ దగ్గర మనవాళ్లు గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. పచ్చి కరివేపాకు, పళ్లు, మాంసంతో చేసినవి తేకూడదు. సూడోఎఫెడ్రిన్ ఎక్కువగా ఉన్న జలుబు మాత్రలు, కోడీన్ మోతాదు ఎక్కువున్న మందులు ఆ దేశంలో నిషిద్ధం. బీపీ, షుగర్ మందులు ఒక నెలకు సరిపడా డాక్టర్ చీటీతో తెచ్చుకోవచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ఏ పూట డోసు ఏ వేళకు మారుతుందో బయల్దేరే ముందే డాక్టర్‌తో రాయించుకోవాలి.

నరితా నుంచి టోక్యోలోని ఉయెనోకు వేగంగా వెళ్లే స్కైలైనర్ రైలుంది, సుమారు నలభై నిమిషాలు. పడమటి ఎండ పడే వైపు కిటికీ దగ్గర కూర్చున్నాం. మా వారి తల వాలిపోతుంటే ప్రతిసారీ తట్టి లేపాను. హోటల్, స్నానం, ఏదో కాస్త తినడం, ఎనిమిదిన్నరకు పక్క మీదకు. మొదటి రోజు అంతకు మించి ఏమీ పెట్టుకోకూడదు.

చీకట్లో మెలకువ వచ్చింది. పక్కన కదలిక వినిపించింది.

"ఏమండీ, మెలకువగానే ఉన్నారా?"

"ఎప్పట్నుంచో. టైమెంతయింది?"

"మూడు."

డాలస్‌లో అది మధ్యాహ్నం ఒంటిగంట. ఒళ్లు భోజనం అడుగుతోంది. చాలామంది ఈ వేళలో దుప్పటి కప్పుకుని నిద్ర కోసం పెనుగులాడతారు, ఫోను చూస్తారు, మాత్ర వేసుకుంటారు. నా మటుకు నాకు తెల్లవారుజామున మూడుకు మించిన మంచివేళ ఆ నగరంలో ఇంకోటి లేదు.

వీధి చివర ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే చిన్న దుకాణం ఉంటుంది. వీటిని అక్కడివాళ్లు కొన్‌బిని అంటారు. లోపల తెల్లని దీపాల కింద, చల్లని అరలో త్రికోణం ఆకారపు అన్నం ముద్దలు వరసగా ఉన్నాయి. పేరు ఒనిగిరి. పైనున్న ప్లాస్టిక్ మీద 1, 2, 3 అని అంకెలున్నాయి. ఒకటి దగ్గరున్న సన్నని పట్టీ లాగితే పొట్లం నడిమికి చీలుతుంది. రెండు దగ్గర కుడి మూల, మూడు దగ్గర ఎడమ మూల పట్టి లాగాలి. అన్నానికీ, పైన చుట్టే సముద్రపు నాచు రేకుకూ మధ్య ఇంకో పల్చని పొర ఉంది. లాగినప్పుడు అది జారిపోయి, అప్పటిదాకా తడి తగలని నాచు రేకు కరకరలాడుతూ అన్నానికి అంటుకుంటుంది. మధ్యలో ఉప్పులో ఊరవేసి ఎండబెట్టిన ఉమెబోషి అనే కాయ. కొరికితే పులుపూ ఉప్పూ కలిసి పళ్లు జివ్వుమన్నాయి. ఆవకాయ ముద్దకు అలవాటుపడిన నాలుకకు అది చుట్టాల ఇల్లే.

శాకాహారులు ఇక్కడ కాస్త ఆగాలి. జపాన్ వంటకు ఆధారం దాషి అనే చారు. ఎండబెట్టి పొగబెట్టిన బొనీటో చేప తురుమూ, కొంబు అనే నాచూ కలిపి మరిగించి తీస్తారు. కూరల్లో, సూప్‌లో, నూడుల్స్‌లో అదే ఉంటుంది. మాంసం లేదని చెప్పినంత మాత్రాన చేప లేదని కాదు. ఒనిగిరిలోనూ చేపసారం కలిపే రకాలుంటాయి, ఫోను కెమెరాతో పొట్లం వెనకున్నది అనువదించి చదువుకోవడం మంచిది. ఈ కొంబు నుంచే కికునాయె ఇకెదా అనే టోక్యో ఆచార్యుడు 1908లో ఐదో రుచిని పట్టుకున్నాడు, దానికి ఉమామి అని పేరు పెట్టాడు. విమానంలో ముక్కు ఎండిపోయి, ఒత్తిడి తగ్గి, హోరు మధ్యలో తింటే తీపీ ఉప్పూ మందగిస్తాయి. ఆ హోరులో కూడా నిలబడేది ఉమామి. విమానంలో టమాటా రసం అడిగేవాళ్లు అంతమంది ఉండటానికి కారణం అదేనంటారు. దాషి వద్దనుకునేవాళ్లకు బౌద్ధ మఠాల శోజిన్ వంట ఉంది, చేపా మాంసం ముట్టనిది. మన ఇంజనీర్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయి పేటకు వెళ్తే పప్పూ అన్నం దొరుకుతాయి.

తినేశాక ప్లాస్టిక్ చేతిలో ఉండిపోయింది. వీధిలో చెత్తబుట్ట కనిపించదు. 1995 మార్చిలో టోక్యో సబ్‌వేలో విషవాయువు దాడి జరిగాక రక్షణ కోసం చాలాచోట్ల బుట్టలు తీసేశారు. తిన్నవాళ్లు ఎవరి చెత్త వాళ్లే ఇంటికి పట్టుకుపోతారు. సంచిలో ఒక కవరు పెట్టుకుని తిరగాలి.

ఉయెనో నుంచి అసకుసా పేటకు నడిస్తే అరగంట. ఐదున్నరకు చేరాం, తూర్పు అప్పుడే తేటపడుతోంది. పగలు అడుగు తీసి అడుగు వేయలేని నకమిసె వీధి అప్పుడు ఖాళీగా ఉంది. మూసిన దుకాణాల షట్టర్ల మీద ఆ పేట ఉత్సవాల బొమ్మలు గీసి ఉన్నాయి. దుకాణాలు తెరిచాక వచ్చేవాళ్లకు అవి కనబడవు. లోపల సెన్సోజీ ఆలయం. 628లో సుమిదా నదిలో ఇద్దరు అన్నదమ్ముల వలకు కన్నోన్ విగ్రహం దొరికిందని కథ. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడు, మహాయానంతోపాటు మన దేశం నుంచి చైనా మీదుగా అక్కడికి చేరినవాడు. 1945 మార్చి బాంబుదాడిలో పాత మందిరం కాలిపోయింది, ఇప్పుడున్నది 1958లో కాంక్రీటుతో కట్టింది. అక్టోబర్‌లో తలుపులు ఆరున్నరకు తీస్తారు. వాటి ముందు ఇంటి దగ్గరివాళ్లే, ముసలివాళ్లు, చేతిలో చిన్న సంచులతో నిలబడి ఉన్నారు. ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించింది. గుళ్లో మా అమ్మమ్మ నిలబడే తీరే అది.

మధ్యాహ్నం అసలు పరీక్ష. రెండింటికి కాళ్లు సీసం పోసినట్టున్నాయి. అప్పుడు మ్యూజియాలూ మాల్‌లూ వద్దు, చీకటి గదుల్లో నిద్ర ముంచుకొస్తుంది. ఉయెనో పార్కులో షినోబజు చెరువు గట్టున నడిచాం. తామరాకులు అప్పుడే అంచుల్లో ఎండుతున్నాయి. చెరువు మధ్య దీవిలో ఉన్న గుడి బెంజైతెన్‌ది. బెంజైతెన్ మన సరస్వతే. చేతిలో వీణ స్థానంలో బివా అనే తంత్రీవాద్యం ఉంటుంది, నీళ్ల పక్కన ఉండటం మారలేదు. నది పేరుగా మొదలైన దేవత అంత దూరం పోయి కూడా నీటి మధ్యే కూర్చోవడం చూస్తే నాకు కాసేపు నిద్రమత్తు వదిలింది. ఐదుంబావు దాకా వెలుతురులోనే ఉన్నాం.

మూడో రోజు నగరాన్ని అర్థం చేసుకోవడానికి పెట్టుకున్నాం. టోక్యో పటం చూస్తే రంగుదారాల చిక్కులా భయపెడుతుంది. ముందు యమనోతె అనే ఆకుపచ్చ గీత ఒక్కటే చూడండి. నగరం నడిబొడ్డును చుట్టే వలయం అది, 34.5 కిలోమీటర్లు, 30 స్టేషన్లు, ఒక చుట్టుకు సుమారు గంట. ఉయెనో, టోక్యో, షిబుయా, షింజుకు అన్నీ దాని మీదే. సుయికా అనే రైలు కార్డు గేటుకు తాకించి ఎక్కి, ఒక చుట్టు తిరిగితే ఏది దేనికి ఎటువైపో బుర్రలో కూర్చుంటుంది. పొద్దున ఐదింటికి ఎక్కితే సీటు దొరుకుతుంది, ఎనిమిదింటికైతే నిలబడటానికీ చోటుండదు. రైల్లో ఫోన్ మాట్లాడకూడదు, ఎస్కలేటర్ మీద ఎడమ పక్కన నిలబడాలి. షింజుకు స్టేషన్‌కు 200కు పైగా దారులున్నాయి. అక్కడ స్టేషన్ పేరు తెలిస్తే చాలదు, బయటికి వచ్చే దారి పేరో నంబరో ముందే రాసుకోవాలి. తప్పు దారిలో పైకి వస్తే వెళ్లాల్సిన చోటికి పావుగంట నడవాలి.

చిరునామాలూ అంతే. అక్కడ చాలా వీధులకు పేర్లుండవు. పేట, పేటలో భాగం, అందులో బ్లాకు, బ్లాకులో ఇల్లు, ఇలా అంకెలు వస్తాయి. వీధి పేరు వెతుక్కునే అమెరికావాళ్లకు ఇది తికమక. వార్డు, బ్లాకు, ఇంటి నంబరు గీతలతో రాసుకునే పాత హైదరాబాద్ డోరు నంబర్లు చూసినవాళ్లకు చప్పున అర్థమవుతుంది.

దుకాణాల్లో డబ్బు చేతికివ్వకూడదు, కౌంటర్ మీదున్న చిన్న పళ్లెంలో పెట్టాలి. చిల్లర కూడా అందులోనే పెట్టి, మన ముందు లెక్కబెట్టి ఇస్తారు. టిప్పు ఇవ్వరు, ఇచ్చినా తీసుకోరు.

ఈ నాలుగు రోజుల్లో మా ఒంటి గడియారం పది గంటల్లో ఆరు గంటలే జరిగి ఉంటుంది, పూర్తిగా సర్దుకోలేదు. కానీ హైదరాబాద్ టోక్యోకు మూడున్నర గంటలు వెనక, అంటే ఇంకా పడమరకే. ఒళ్లు జరుగుతున్న వైపే మిగతా దారి. డాలస్ నుంచి ఒక్క దూకులో ఇంటికి చేరి, బంధువులొచ్చే వేళకు తూలుతూ కూర్చోవడం కన్నా ఇది నయం.

నాలుగో రోజు పొద్దున మెయిజీ గుడి అడవికి వెళ్లాలనుకున్నాం. 1920లో గుడి కట్టినప్పుడు దేశమంతటి నుంచి జనం ఇచ్చిన లక్ష మొక్కలతో పెంచిన అడవి అది. తెల్లవారడంతోనే ద్వారాలు తీస్తారు. మూడుకు మెలకువ ఎలాగూ వస్తుందని అలారం పెట్టలేదు. కళ్లు తెరిచేసరికి కిటికీ తెర అంచుల నుంచి వెలుతురు గీతలా గది నేల మీద పడి ఉంది. మా వారు ఇంకా నిద్రపోతున్నారు. టైం చూశాను, ఆరుకు పది నిమిషాలు.